ఉగాది నాటి బ్యాకప్

పొద్దున్నే సవితక్క చెప్పిన పని చాలా చిన్నది. బీదర్‌లో ఆవిడ నడిపే పెళ్లి సంబంధాల ఆఫీసులో మోసెస్ కంప్యూటర్ చూస్తాడు. సంబంధం కుదిరినవాళ్లను డేటాబేస్‌లోంచి తీసెయ్యాలి, అంతే. పక్కనే చిద్రిలో ఉండే శాంతరాజు కూతురు లీయాతో వచ్చే ఆదివారమే మోసెస్ నిశ్చితార్థం. తమ ఇద్దరి పేర్లూ స్వయంగా తీసెయ్యబోతున్నానన్న హుషారులో అతను కుదిరినవాళ్లను ఉంచి, కుదరనివాళ్లందరినీ తుడిచిపారేశాడు.

"అక్కా, కొంప మునిగింది! పెళ్లి కానోళ్లంత పోయిన్రు!"

సవితక్క గుండె మీద చెయ్యేసుకుంది. "హాయ్ హాయ్! వాళ్లు లేకుంటే మన దుకాన్ ఎట్ల నడుస్తది?"

"పొద్దున సిస్టం తీసిన స్నాప్‌షాట్ ఉంది. అప్పుడు డేటా ఎట్లుండెనో అట్లనే ఫొటో తీసి పెట్టినట్టు. లేకుంటే ఉగాదికి పెన్‌డ్రైవ్‌ల వేసిన బ్యాకప్ ఉంది. కంప్యూటర్ కాలిపోయినా అది ఉంటది."

"ఫొటోనా? బిల్కుల్ వద్దు! ఫొటోలు నమ్మి మోసపోయినోళ్ల ఏడుపులు రోజూ ఇంటున్న. బ్యాకప్పే ఎక్కించు."

పెళ్లిళ్లు కుదిర్చే మనిషికి ఫొటో మీద నమ్మకం ఉంటుందా, చెప్పండి! మోసెస్ కూడా బుద్ధిగా తలూపి బ్యాకప్ ఎక్కించాడు. పేర్లన్నీ తిరిగొచ్చాయి. తనకు లీయాతో సంబంధం కుదిరింది ఉగాది తర్వాతేనన్న సంగతి మాత్రం ఆ మహానుభావుడికి తట్టనే లేదు. సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుందా? సంబంధం కుదరక ఖాళీగా కనిపించిన ప్రతి ఒక్కరి వివరాలూ మిగతావాళ్లకు మెసేజ్ పంపేసింది.

కాసేపటికి లీయా స్కూటీ దిగి విసురుగా లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మళ్ల పిల్లను చూస్తున్నవా? మనసు ఇరిగితే మొఖం మీద చెప్పొచ్చు గద!"

"ఏసయ్యా! నేనెందుకు చూస్త?"

ఆమె ఫోన్ చేతికిచ్చింది. 'మీరు మూడుసార్లు వద్దన్న మోసెస్ గారు ఇంకా ఖాళీగానే ఉన్నారు. మరోసారి ఆలోచిస్తారా?'

సవితక్క ఉన్నట్టుండి బల్ల తుడవడం మొదలుపెట్టింది.

"పాత బ్యాకప్ ఎక్కించిన, తప్పైంది. స్నాప్‌షాట్‌ల మనిద్దరికి కుదిరిందనే ఉంది, ఇప్పుడే ఎక్కిస్త," అన్నాడు మోసెస్. "గని... మూడుసార్లా? నన్నా? మరి నాలుగోసారి ఎందుకొప్పుకున్నవ్? మీ నాయిన బలవంతం చేసిండా?"

లీయా మొహం తిప్పుకుంది. "నాలుగోసారి ఎవ్వరు అడగలె. ఈస్టర్ నాడు చర్చిల ముసలోళ్లందరికి కుర్చీలేసి నువ్వు ఆఖరుదాకా నిలబడ్డవ్. తెల్లారి నేనే వచ్చి అక్కను అడిగిన."

పొద్దుటినుంచి తగిలిన దెబ్బలన్నిటిలో మోసెస్‌ను పూర్తిగా పడగొట్టింది ఇదే. ఒళ్లు తెలియని సంతోషంలో లీయాను చాయ్‌కి తీసుకెళ్లాడు, స్నాప్‌షాట్ మాటే మరిచిపోయాడు. అంతసేపూ ఆమె బయోడేటా జిల్లా అంతా తిరుగుతూనే ఉంది.

సాయంత్రానికి చిద్రిలో శాంతరాజు ఇంటి ముందు పెళ్లిచూపులవాళ్ల కార్లు మూడు ఆగాయి.