తెర మీద కారని పైకప్పు

వరద నీళ్లు పోస్టాఫీసు మెట్లెక్కిన మరుసటి ఏడు, భవనాల మంత్రిగారు మా ప్రభుత్వ అతిథి గృహం వరండాలో నిలబడి ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ఇకమీదట ప్రభుత్వ భవనాల్లో దెయ్యాల సినిమాలు ఉచితంగా తీసుకోవచ్చు. అయితే మొదటి పది నిమిషాల్లో ప్రభుత్వ లోపం ఒక్కటి కూడా కనపడకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అక్కడి వాచ్‌మన్‌ని నేనే.

చప్పట్లయ్యాక చేతులు జోడించి, నా గది పైకప్పు కారుతోందనీ, మా ఆవిడకి దగ్గు తగ్గటం లేదనీ చెప్పుకున్నాను. "సినిమా పూర్తయ్యేలోపు కారడం ఆగిపోవాలి!" అని మంత్రిగారు అక్కడికక్కడే ఇంజనీరుగారిని ఆదేశించారు. ఏ కాగితమూ అడగలేదు. అంత దయ.

డైరెక్టర్ కుర్రాడు వచ్చి బంగళా అంతా తిరిగి, చివరికి నా గదినే ఎంచుకున్నాడు. తలుపు కిర్రుమంది. బల్బు మిణుకుమంది. పైనుంచి ఒక చుక్క అతని ముక్కు మీద పడింది.

"తాతా, సెట్ వెయ్యక్కర్లేదు!" అన్నాడు.

"దెయ్యం వేషానికి నన్ను కూడా చూసుకో నాయనా. ఈ గదిలో కాపురం చేసి సగం తయారయ్యాను," అంది మా ఆవిడ దగ్గుతూ.

మొదటి సీను వినడానికి సినిమాల అధికారి వచ్చారు. నేను నిలబడి విన్నాను.

"వాన. ఒంటరి రోడ్డు. కారు ఆగిపోతుంది," అన్నాడు డైరెక్టర్.

"ఎందుకాగాలి? మన రోడ్లకేమైంది?"

"సరే, ఆగదు సార్. హీరోయిన్ ఫోన్ పనిచెయ్యదు."

"పనిచేస్తుంది. సిగ్నల్ ఫుల్."

"లైటు ఆరిపోతుంది."

"కరెంటు వాళ్లు ఊరుకుంటారా? ఇంకో లైటు పెట్టండి."

"తలుపు కిర్రుమంటుంది. ముసలి వాచ్‌మన్ లాంతరెత్తి, 'వెళ్లిపో తల్లీ' అంటాడు."

"అతిథిని పొమ్మంటాడా! 'దయచేయండి' అనాలి."

"పేర్లు పడేలోపు ఆ వాచ్‌మన్ చచ్చిపోవాలి సార్. ఈ సినిమాల్లో అదే పద్ధతి."

"డ్యూటీలో ఉన్న ఉద్యోగి చచ్చిపోతే శాఖకి ఎంత చెడ్డపేరు! రిటైర్ చెయ్యండి. బొకే నేను పంపిస్తా."

డైరెక్టర్ ఆ చావు కొట్టేశాడు. "దెయ్యమైనా ఉండొచ్చా సార్?"

"నిరభ్యంతరంగా! పోయిన ప్రభుత్వం హయాంలో చచ్చిందని ఒక్క డైలాగు పెట్టండి, చాలు."

వాచ్‌మన్ వేషం నాకే ఇచ్చారు. షూటింగ్ ముందు ఇంజనీరుగారు మనుషుల్ని వెంటేసుకుని దిగారు. మా ఆవిడ సంబరపడి బకెట్లన్నీ బోర్లించింది. వాళ్లు కెమెరాకి కనపడే మూల మీద కొత్త రేకు వేసి, ఆ గోడకి రంగు కొట్టి, నిచ్చెన దించేశారు.

"మరి మిగతాది బాబూ?"

"మిగతాది ఫ్రేములో లేదు పెద్దాయనా."

"తలుపు?"

"దాని కిర్రు డబ్బింగ్‌లో తీసేస్తారు."

సినిమా తయారయ్యాక ఒక సాయంత్రం, బయట వాన పడుతుంటే, అతిథి గృహం హాల్లో ప్రివ్యూ. మంత్రిగారు ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద నున్నటి రోడ్డు, పట్టపగల్లాంటి వెలుతురు. నేను "దయచేయండి" అని, బొకే పుచ్చుకుని రిటైరయ్యాను. పది నిమిషాలూ ఎవరూ భయపడలేదు. డైరెక్టర్ ఒక్కడే వణికాడు.

లైట్లు వేశాక నేను మళ్లీ చేతులు జోడించాను. "సార్, నా పైకప్పు..."

మంత్రిగారు ఆశ్చర్యపోయారు. "ఇప్పుడేగా అందరం చూశాం! ఒక్క చుక్క పడిందా?"

పడలేదని హాలంతా చెప్పింది. నన్నూ అడిగారు. చూసినవాణ్ని, ఏమంటాను? పడలేదన్నాను. మరమ్మతు పూర్తయినట్టు మంత్రిగారు అక్కడే ప్రకటించి, ఇంజనీరుగారి భుజం తట్టారు.

గదికి వచ్చి చెప్పాను. మా ఆవిడ తడిసిన దుప్పటి పిండుతోంది.

"సినిమాలో కారట్లేదా? అయితే నన్ను అందులోకి మార్చెయ్యవయ్యా!" అంది.

మర్నాడు పొద్దున్నే లేచి, నిండిన బకెట్లు పారబోసి, ఆవిడ మంచం ఫ్రేములోకి జరిపాను.