ఇంటికొచ్చిన ఎర్రదీపాలు

బెజవాడలో ఎవరైనా ఆగకుండా దాటేసిన ట్రాఫిక్ సిగ్నల్, ఆ సాయంత్రానికల్లా స్తంభంతో సహా తనను తానే పెకలించుకుని, బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళింటికి నడిచి వస్తుంది. వచ్చాక ఇక పోదు. కూడలిలో ఇంకొకటి నాటుకోవడం కార్పొరేషన్ వాళ్ళకు మామూలే.

హిమజకు మొదటిది వచ్చిన రోజు చినుకులు పడుతున్నాయి. తలుపు తీస్తే అది గుమ్మం ముందు తడుస్తూ, ఎర్రగా వెలుగుతూ నిలబడి ఉంది. తల్లి అనసూయ పాత తువ్వాలుతో దాని అద్దాలు తుడిచి, లోపలికి రానిచ్చి, వాషింగ్ మెషీన్ పక్కన చోటు చూపించింది. రెండోదాన్ని హాల్లో టీవీ వెనక సర్దారు. మూడోదాన్ని వంటింట్లో పెడదామనుకున్నారు. అక్కడ మాత్రం పొయ్యి పక్కన మసి పట్టిన ఇనుప స్తంభం ఒకటి ఎప్పటినుంచో ఉంది. అనసూయ దానికి గరిటెలూ మసిగుడ్డలూ తగిలిస్తుంది. అందుకని మూడోది హిమజ మంచం తలాపున నిలబడింది. ఆమె ఎర్రటి వెలుగులో నిద్రపోవడం నేర్చుకుంది.

స్కూటీ హిమజ పేరు మీద ఉంది. వాహనపూజ చేసిన పంతులుగారు ఇంటి ఆడపిల్ల పేరు మీదైతే బండి కలిసొస్తుందన్నారు. తండ్రి పూర్ణచంద్రరావు అలాగే రాయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది హిమజే. తాళంచెవి మాత్రం తమ్ముడు మౌళి జేబులోకి వెళ్ళింది. హిమజ విమానం నడపడం నేర్చుకోవడానికి సిటీ బస్సులో వెళ్ళి వచ్చేది.

సిగ్నల్‌ని వదిలించుకునే దారి ఒకటుంది. దాన్ని నిజంగా దాటినవాడు వచ్చి, ఆరోజు ఆగాల్సినంతసేపు దాని ముందు ఆగాలి. అప్పుడది అతన్ని గుర్తుపట్టి, అతని వెనకాల చేరుతుంది. హిమజ తానే చాలాసార్లు నిలబడి చూసింది. కాళ్ళు లాగేదాకా నిలబడినా అవి ఆమెను గుర్తుపట్టలేదు.

పైలట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు, ఉన్న సిగ్నళ్ళన్నీ వెంట తీసుకురమ్మన్నారు. హిమజ ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మూడింటినీ తాళ్ళతో కట్టి గన్నవరం తీసుకెళ్ళింది. విమానాల కంపెనీ వరండాలో ఒకతను తాను లెక్కచేయని స్పీడ్ బ్రేకర్‌ని చాపలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకతని ఒళ్ళో డివైడర్ రాయి ఉంది. ఎవరూ ఎవరివైపూ చూడలేదు.

లోపల ఉన్న కెప్టెన్ నెమ్మదైన మనిషి.

"మేఘాలన్నీ నీ గురించి మంచిగానే చెప్పాయమ్మా," అన్నాడు. "పక్కకి జరగమని మర్యాదగా అడుగుతావట. నీలాగా విమానం దించేవాళ్ళు ఈ బ్యాచ్‌లో లేరు. కానీ ఈ మూడూ..."

"నేను దాటలేదు సార్. మా తమ్ముడు."

"బండి ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరు మీదే."

"అదేనమ్మా మా భయం. స్కూటీ ఇచ్చినదానివి, రేపు తమ్ముడు అడిగితే విమానం ఇవ్వవని ఏంటి నమ్మకం?"

ఇంట్లో స్కూటీ ఇస్తావా అని హిమజను ఎవరూ ఏనాడూ అడగలేదు.

"సాయంత్రంలోపు అతన్ని తీసుకొచ్చి వీటి ముందు నిలబెట్టు," అన్నాడు కెప్టెన్. "అప్పటిదాకా సీటు అట్టేపెడతాను."

ఆమె ఇంటికొచ్చేసరికి మౌళి అన్నం తింటున్నాడు. వాడు కూడా అదే శిక్షణలో, ఆమె తర్వాతి బ్యాచ్‌లో ఉన్నాడు.

"ఒరేయ్, ఆటో కింద ఆగి ఉంది. వచ్చి ఒక్కోదాని ముందు ఒక్క నిమిషం నిలబడరా."

"ఒక్క నిమిషం ఆగగలిగితే అసలెందుకు దాటతానక్కా?" అని నవ్వాడు మౌళి. "అమ్మా, పెరుగు."

"వెటకారం కాదురా. సీటు పోతుంది."

మౌళి నవ్వు ఆపి తండ్రివైపు చూశాడు. పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కోపిష్టి కాదు. కూతురు మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజు వీధంతా మైసూర్‌పాక్ పంచిన మనిషి.

"అమ్మలూ, నిదానంగా ఆలోచించు," అన్నాడు. "వాడు నిలబడితే అవి వాడికి చుట్టుకుంటాయి. వచ్చే ఏడు వాడి ఇంటర్వ్యూ. ఎలాగూ నీకు వచ్చేశాయి కదా. వాడికి కూడా ఎందుకు?"

"అవి వాడివే కదా నాన్నా."

"కాదన్నానా? అయినా నీకేంటమ్మా, తెలివైనదానివి. ఏదో ఒకటి చేసుకుంటావు."

హిమజ తల్లివైపు చూసింది. అనసూయ పెరుగు గిన్నె పట్టుకుని, కొడుకు కంచం దగ్గర కాస్త ఎక్కువసేపే వంగి ఉంది. కింద ఆటో అతను హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. తర్వాత తనే సిగ్నళ్ళను దింపి, మెట్లదాకా నడిపించి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అయింది.

మరుసటి ఏడు మౌళి ఖాళీ చేతులతో ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఇంత శుభ్రమైన రికార్డు ఈమధ్య చూడలేదని కెప్టెన్ లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడట. తండ్రి మళ్ళీ మైసూర్‌పాక్ పంచాడు. హిమజ కూడా తిన్నది. నిజంగానే సంతోషించింది కూడా. తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

మౌళి విమానం ఇంటి మీదుగా వెళ్ళిన మొదటిరోజు, తల్లీకూతుళ్ళు వంటింట్లో ఉన్నారు. చప్పుడు వినగానే హాల్లో సిగ్నల్ కిటికీవైపు తిరిగింది. గదిలోది, వాషింగ్ మెషీన్ పక్కది కూడా నడిచి వచ్చి, మూడూ తలలెత్తి, శబ్దం దూరమయ్యేదాకా ఆకాశంలోకి చూశాయి.

"గుర్తుపట్టాయే," అంది అనసూయ.

అనసూయ పొయ్యి తగ్గించి, ఇనుప స్తంభానికున్న గరిటెలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టింది. స్టూలెక్కి కొంగుతో పైభాగం గట్టిగా రుద్దింది. జిడ్డు పొర కింద ఎక్కడో అడుగున, ఎర్రగా వెలుగుతోంది.

"మీ పెద్దమావయ్య మోపెడ్‌ది," అంది. "బండి నా పేరు మీదే కొన్నారులే."

హిమజ వచ్చి స్టూలు కదలకుండా పట్టుకుంది. "నువ్వేం అవుదామనుకున్నావమ్మా?"

"రైలు నడుపుదామని." అనసూయ స్టూలు దిగి, సిగ్గుపడినట్టు నవ్వి, గరిటెలు మళ్ళీ తగిలించింది. "నీ మంచం దగ్గరదాన్ని ఇటు పొయ్యి పక్కకి తెచ్చుకోవే. నూనెపొగ పట్టేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కొన్నాళ్ళకి స్తంభమే అనుకుంటారు ఎవరొచ్చినా."

లాగాల్సిన పని లేకపోయింది. హిమజ పిలవగానే అది నడిచి వచ్చి, తల్లి స్తంభం పక్కన ఒదిగి నిలబడింది. హిమజ తడిచేతులు తువ్వాలుతో తుడుచుకుని, దాన్ని ఆ సిగ్నల్‌కే తగిలించింది.