వెనక గదికి ప్రయాణం

అమ్మమ్మ పొద్దున్నే లేచి మనవరాలి సంచీ సర్దింది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, మంచినీళ్ళ సీసా, దారిలో చలేస్తే కప్పుకోవడానికి శాలువా. చిట్టి మంచం మీద కూర్చుని ఇదంతా చూసింది.

"అమ్మమ్మా, ఉద్యోగం మన వెనక గదిలోనే."

"ఎక్కడైతేనేం, మొదటిరోజు ఒట్టి చేతుల్తో వెళ్తారా? వెళ్ళొస్తానని చెప్పు. వెళ్తానని మాత్రం అనకు."

చిట్టి వెళ్ళొస్తానని చెప్పి, సంచీ భుజాన వేసుకుని, హాలు దాటి వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఎక్కడో దూరాన ఉన్న ఓ ఆసుపత్రి కంప్యూటర్లను ఇంట్లో కూర్చునే కనిపెట్టుకుని ఉండటం ఆ పిల్ల పని. అవి మొరాయిస్తే దారికి తేవాలి, దొంగలు చొరబడకుండా కాపలా కాయాలి. మొదటి వారం సవ్యంగా గడిస్తే ఎప్పటికీ ఇంటినుంచే పని. ఏమాత్రం తేడా వచ్చినా హెడ్డాఫీసుకు వెళ్ళిపోవాలి. ఈ రెండో మాట విన్నప్పటినుంచి అమ్మమ్మకు కంటిమీద కునుకు లేదు. ఆవిడ జీవితంలో సాగనంపినవాళ్ళే ఎక్కువ, ఎదురెళ్ళి తీసుకొచ్చినవాళ్ళు తక్కువ.

తుడిచిన గుమ్మాన్నే మళ్ళీ తుడుస్తూ ఆవిడ తలుపుకు చెవి ఆనించింది. లోపల చిట్టి ఆఫీసువాళ్ళతో మాట్లాడుతోంది.

"టికెట్ వచ్చింది సార్. నా పేరు మీదే ఉంది. అర్జెంటట. ఇవాళే చూసుకుంటాను."

చిట్టి ఉద్యోగంలో టికెట్ అంటే, ఫలానాది పాడైంది, బాగుచేయండని వచ్చే ఫిర్యాదు. అమ్మమ్మకు తెలిసిన టికెట్ ఒకటే, మనిషిని తీసుకుపోయేది. వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది. అతను చిట్టికి మావయ్య, పక్కవీధిలో టైలరు. మెడలో టేపు, చేతిలో కత్తెర, భుజాన ఒక చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు.

"చిట్టిని పంపించేస్తున్నార్రా. టికెట్ కూడా తీసేశారు."

"ఒక్కదాన్నేనా?"

"ఇంకో రెండు వచ్చాయి సార్, మొత్తం మూడు" అని లోపలినుంచి వినిపించింది.

"మూడా?" మావయ్య వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "నువ్వొకటి, అదొకటి. నేనెలా వస్తానే, కొట్లో పనుంది."

"ఇది నావల్ల కాదు సార్, పైకి పంపించేస్తాను" అంది చిట్టి. పెద్ద అధికారికి అప్పగిస్తానని ఆ పిల్ల ఉద్దేశం. పైకి పంపడమంటే మావయ్యకు తెలిసిన అర్థం వేరు.

అంతలో చిట్టి గొంతు బాగా తగ్గింది. "సార్, దొంగ లోపలికొచ్చేశాడు. ఇక్కడే తిరుగుతున్నాడు. నేను చూస్తున్నట్టు వాడికి తెలీదు."

"ఒరేయ్, పిల్ల ఒక్కతే ఉందిరా లోపల."

మావయ్య ధైర్యవంతుడు కాడు గానీ ఉపాయశాలి. "కరెంటు తీసేస్తా. చీకట్లో వాడికి దారి తెలీదు, మనకి తెలుసు" అంటూ ఫ్యూజు పీకాడు. అది చేతిలోంచి జారి రెండు ముక్కలైంది.

"పట్టపగలురా ఇది" అంది అమ్మమ్మ.

ఇంటర్నెట్ డబ్బా ఆరిపోయింది. చిట్టి తలుపు తీసుకుని బయటికొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కరెంటు ఎవరు తీశారు?"

"దొంగెక్కడే?" అన్నాడు మావయ్య, కత్తెర ముందుకు చాపి.

"ఆసుపత్రి కంప్యూటర్లో మావయ్యా. వాణ్ణి గెంటబోతుంటే లైను పోయింది. రోగుల వివరాలకు అప్పుడే తాళాలేస్తున్నాడు. ఇంకాసేపు ఉన్నాడంటే ఒక్కటీ మిగల్చడు. ఇక నేను హెడ్డాఫీసుకు పెట్టె సర్దుకోవాలి. నీ ఫోన్లో ఇంటర్నెట్ ఉందా?"

"ఉంది. పాటలు వింటాను."

"కిటికీ తీసి దగ్గర నిలబడు. ఫోను ఇంకా పైకెత్తు. కదలకు."

మావయ్య చెయ్యెత్తి శిలలా నిలబడ్డాడు. చిట్టి లాప్‌టాప్ ముందు కూర్చుంది. అమ్మమ్మ వెనక నిలబడి చూసింది. తెరమీద తెల్లటి అక్షరాలు వానలా కురుస్తున్నాయి. ఆ వానలోంచి చిట్టి ఒక వరుసను పట్టుకుని మీట నొక్కింది. ఎక్కడో ఒక తలుపు మూసుకుంది. మళ్ళీ నొక్కింది, ఇంకో తలుపు. ఏ తలుపూ చప్పుడు చేయలేదు. నిన్న రాత్రి జడ వేయమని తన ముందు చతికిలబడిన పిల్ల, ఎన్నడూ చూడని ఊళ్ళో మంచాల మీద పడుకున్న ఎవరెవరికో కాపలా కాస్తోంది.

స్పీకర్లోంచి ఒక నర్సు గొంతు వినిపించింది. "వచ్చేశాయమ్మా, అందరి పేర్లూ కనిపిస్తున్నాయి. ఆపరేషన్ మొదలుపెట్టొచ్చా అని డాక్టరుగారు అడుగుతున్నారు."

"పెట్టమనండి" అంది చిట్టి.

"డాక్టరు నిన్నడుగుతున్నాడా?" అంది అమ్మమ్మ.

తెరమీదికి పెద్ద అధికారి వచ్చాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీ వెనక ఆవిడ ఎవరమ్మా?"

"మా ఇంటి సెక్యూరిటీ సార్."

"ఆ చెయ్యెత్తినాయన?"

"టవర్ సార్."

"కరెంటు లేకుండా పని పూర్తిచేశారు. ఇక వారం చూడక్కర్లేదు. మీరు ఎప్పటికీ అక్కడినుంచే పనిచేయండి. ఆ టవర్ని చెయ్యి దించమనండి."

మావయ్య దించాడు. అమ్మమ్మ కుర్చీలో కూలబడింది.

దొంగ ఆ మొదటిరోజే మధ్యాహ్నం, భోజనాలకు ముందు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.