జత కుదరని ర్యామ్

కళ్లజోళ్ల దుకాణానికి మంగళవారం సెలవు. సెలవు రోజున దుకాణదారుడి చేతులు ఊరుకోవు. ఒక్కో భాగమూ కొని తానే బిగించుకున్న కంప్యూటర్ ఇంట్లో ఉండగా అసలే ఊరుకోవు. ఆ ఉదయం ఆయన పథకం చాలా చిన్నది. ఉన్న ర్యామ్ పక్కన ఇంకో ర్యామ్ పెట్టాలి. బొమ్మలు గీసే భార్యకు కంప్యూటర్ వేగంగా నడుస్తుంది, తనకు కాస్త మంచిపేరు వస్తుంది. పది నిమిషాల పని.

"పన్నెండులోపు పిల్లల పుస్తకం బొమ్మలు పంపాలండీ. మూడు నెలల కష్టం, అంతా అందులోనే ఉంది. ఈ ఒక్కరోజూ దాన్ని ముట్టుకోకండి," అని చెప్పి ఆవిడ స్నానానికి వెళ్లింది.

ఆయనకు వినబడకపోలేదు. కాకపోతే అది మామూలు మనుషులకు చెప్పే మాట అనుకున్నాడు.

పాత ర్యామ్ ఎనిమిది జీబీ, కొత్తదీ ఎనిమిదే. కంపెనీ వేరు, వేగం వేరు. "రెండూ ఒకటే రకం అయితే మంచిది సార్," అని అమ్మినవాడు అననే అన్నాడు. ఈయన నవ్వేశాడు. ఇరవై ఏళ్లుగా ఒకే ఫ్రేములో ఎడమ కంటికి ఒక పవరు, కుడి కంటికి ఇంకో పవరు బిగిస్తున్న మనిషి. ఒక్క కన్నూ పేచీ పెట్టలేదు. ర్యామ్‌కి మాత్రం ఏం రోగం?

బటన్ నొక్కగానే కంప్యూటర్ మూడుసార్లు కూత పెట్టింది. తెర నల్లగా ఉండిపోయింది. కొత్తదాన్ని పీకేశాడు, కంగారులో పాతదీ ఊడొచ్చింది. దాన్ని హడావిడిగా మళ్లీ పెట్టాడు. మళ్లీ మూడు కూతలు. మూడు నెలల కష్టాన్ని మూడు నిమిషాల్లో మట్టిపాలు చేశానని ఆయనకు భయం పట్టుకుంది.

"ఏమిటండీ ఆ కూతలు?" స్నానాలగదిలోంచి కేక.

"మైక్రోవేవ్!"

"అది పాడై నెలయింది కదా?"

"బాగుచేశాను!"

ఆ మాట నోరు జారాక వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆవిడ తల తుడుచుకుంటూ సంబరంగా వంటింట్లోకి వచ్చి, పాలగ్లాసు మైక్రోవేవ్‌లో పెట్టింది. వేలు బటన్ దగ్గరికి వెళ్లేలోగా ఈయన వరండాలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు. ఫ్యాను ఆగింది.

"అయ్యో, కరెంటు పోయింది," అన్నాడు రొప్పుతూ.

ఆవిడ కిటికీలోంచి చూసింది. ఎదురింట్లో బట్టలు ఉతికే మెషిను గిరగిరా తిరుగుతోంది. "మనకొక్కళ్లకే పోయింది. ఉండండి, ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను."

"ఎందుకులే, అదే వస్తుంది," అని ఈయన అనేలోగా ఫోను వెళ్లిపోయింది.

ఎలక్ట్రీషియన్ పని మొదలుపెడితే అంతు చూడందే వదలని రకం. మెయిన్ పైకి ఎత్తాడు, ఫ్యాను తిరిగింది. అక్కడితో పోవలసిన మనిషి పోలేదు. "స్విచ్చు ఊరికే పడదు సార్. ఎందుకు పడిందో తేలాలి."

"నేను మైక్రోవేవ్ నొక్కబోతుంటే పోయింది," అంది ఆవిడ.

"అదీ సంగతి!"

మైక్రోవేవ్ విప్పి నేలమీద పరిచాడు. తర్వాత స్విచ్‌బోర్డులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. గడియారం పదకొండున్నర దాటింది. చివరికి అతను గోడమీద చెవి ఆనించి విని, ఉలి, సుత్తి తీశాడు. "షార్టు గోడలో ఉన్నట్టుంది. పగలగొట్టాలి."

ఇక ఈయన వల్ల కాలేదు. ఉలికీ గోడకీ మధ్య నిలబడి చేతులెత్తేశాడు. "గోడది తప్పేం లేదు. మెయిన్ నేనే ఆపాను. మైక్రోవేవ్ నేను ముట్టుకోలేదు. ర్యామ్ మార్చాను. నీ బొమ్మలు... పోయాయేమో."

ఎలక్ట్రీషియన్ ఉలి దించి, కంప్యూటర్ దగ్గరికెళ్లి, పాత ర్యామ్‌ని వేలితో గట్టిగా నొక్కాడు. టక్కుమంది. బటన్ నొక్కగానే తెర వెలిగింది. "సరిగ్గా దిగలేదు సార్, అంతే. రెండోది కావాలంటే ఒకే కంపెనీది, ఒకే వేగంది, జతగా అమ్ముతారు. అవి తెచ్చుకోండి."

"నయం! ఇంకా పావుగంట ఉంది. త్వరగా పంపు," అన్నాడు ఈయన, ప్రాణం లేచివచ్చి.

"నిన్న సాయంత్రమే పంపేశాను," అంది ఆవిడ తాపీగా.

"మరి పన్నెండులోపన్నావు?"

"అలా అంటేనన్నా ముట్టుకోరనుకున్నాను. నిన్న దానిముందు నిలబడి 'పది నిమిషాల పని' అన్నారుగా. అది విన్న వెంటనే పంపేశాను."

"నామీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"పూర్తి నమ్మకం ఉందండీ. అందుకే పంపేశాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో తేలక, రెండూ కాసేపు చేశాడు. ఈలోగా ఎలక్ట్రీషియన్ నేలమీది సామాను సర్దుతూ, కాలిపోయిన ఫ్యూజు ఒకటి చూసి మార్చి, మైక్రోవేవ్ మళ్లీ బిగించి, బటన్ నొక్కాడు. లోపలి గాజుపళ్లెం మెల్లగా తిరిగింది.

ఆ రోజు ఆయన ఆడిన అబద్ధాల్లో చివరికి నిజమైంది, మైక్రోవేవ్ బాగైందన్న ఆ ఒక్కటే.