సుందరరామయ్య గారి బేరింగ్

ఆ ఆదివారం పొద్దున సుందరరామయ్య ఇడ్లీ తింటూ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన క్లాసు పిల్లల్ని కొల్లేటికోట తీసుకెళ్లాలి, నీళ్లలో కాలు పెట్టకుండా లంక మీది తాడిచెట్టు ఎంత దూరమో లెక్క కట్టి చూపించాలి, దాన్ని ఉమాకుమారి కళ్లారా చూడాలి. అసలు సంగతి ఆ చివరిదే.

వట్లూరులో ఒక కాలేజీలో ఆయన లెక్కలు చెబుతాడు, భార్య ఉమాకుమారి తెలుగు చెబుతుంది. కొత్తగా చేరిన లెక్కల లెక్చరరు వెంకటకృష్ణ కిందటి వారం వాటర్ ట్యాంకు నీడ కొలిచి, నిచ్చెన ఎక్కకుండానే దాని ఎత్తు తేల్చేశాడు. ఉమాకుమారి ఇంటికొచ్చి వంకాయలు తరుగుతూ, "ఎంత బాగా చెప్పారండీ, నాక్కూడా అర్థమైపోయింది," అంది. ఇన్నేళ్లలో తన లెక్క ఒక్కటైనా ఆవిడకి అర్థమైన పాపాన పోలేదు. సుందరరామయ్యకి కడుపు మండిపోయింది. ఆ పూట వంకాయ కూర కూడా సహించలేదు.

గట్టు మీద వ్యాను ఆపిన చోటి నుంచి తాడిచెట్టు సూటిగా ఉత్తరాన ఉంది. గట్టేమో తూర్పుకి పోతోంది. గట్టు వెంట నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చెట్టు సరిగ్గా వాయవ్య మూలకి కనిపిస్తుంది. అక్కడితో లంబకోణ త్రిభుజం పూర్తి. ఎంత నడిచామో చెట్టు వ్యానుకి అంత దూరం. ఉత్తరం నుంచి కొలిచే ఆ కోణాన్ని లెక్కల వాళ్లు బేరింగ్ అంటారు. ఉమాకుమారికి తెలిసిన బేరింగ్ ఫ్యానులో ఉండేది.

గుర్తు కోసం వ్యానునీ, వ్యాను దగ్గర భార్యనీ ఉంచి, ఒక చేత్తో దిక్సూచి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఆయన పిల్లలతో బయల్దేరాడు. ఎంత నడిచినా చెట్టు వాయవ్యానికి రాదు. సూది ఒకసారి ఈశాన్యమంటుంది, ఒకసారి పడమరంటుంది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆయన చెమట తుడుచుకుని ఇంటావిడకి ఫోన్ చేశాడు.

"బేరింగ్ తేడా చేస్తోంది ఉమా. వ్యాను అంగుళం కూడా కదలకూడదని హఫీజుకి చెప్పు."

వ్యాను నడిపే హఫీజు ఆ మాటకి చిన్నబోయాడు. మొన్ననే సర్వీసింగ్ చేయించానన్నాడు. కానీ లెక్కల సారు ఊరికే అనరు కదా అని జాకీ తీశాడు. ఉమాకుమారి ఇంకో అడుగు ముందుకేసి, ఆకివీడులో అత్తారింట్లో ఉన్న వెంకటకృష్ణకి ఫోన్ చేసింది. ఆయన మెకానిక్ వహాబుని కారులో ఎక్కించుకుని వచ్చేశాడు.

అక్కడ గంటసేపు తంటాలు పడ్డాక సుందరరామయ్య ఫోను జేబులో వేసుకోగానే సూది బుద్ధిగా నిలబడింది. ఇంతసేపూ దాన్ని తిప్పింది ఫోనులోని అయస్కాంతం. హమ్మయ్య అనుకుని వెనక్కి చూశాడు కదా, వ్యాను పక్కన వెంకటకృష్ణ కారు. చెట్టూ కోణమూ మరిచిపోయి, పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.

"ఆదివారం ఈయన ఎక్కడుంటాడో నీకెలా తెలుసు?" అన్నాడు రొప్పుతూ.

"స్టాఫ్ గ్రూపులో పెట్టారండీ. మీరే గ్రూపు మ్యూట్ చేసుకున్నారు."

"ఎందుకు పిలిచావు?"

"బేరింగ్ పోయిందని మీరే కదండీ అన్నారు."

ఆయనకి విషయం అర్థమైంది. ఇప్పుడు నిజం చెబితే వెంకటకృష్ణ ముందు పరువు పోతుంది, చెప్పకపోతే నిక్షేపంలాంటి వ్యానుకి చక్రం విప్పించిన ఘనుడవుతాడు. ఎటూ పాలుపోక నోరు తెరవబోతుండగా, వహాబు చక్రం కింద నుంచి నల్లటి ఇనుప ముక్కలు అరచేతిలో పోసుకుని లేచాడు.

"బేరింగు గుండ్లు పిండైపోయాయండి. ఇంకాస్త దూరం వెళ్లుంటే చక్రం ఊడి, వ్యాను కొల్లేట్లో ఉండేదండి."

ఆయన వెనకే పరిగెత్తుకొచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. హఫీజు చేతులు జోడించాడు. ఉమాకుమారి మొహంలో ఆయన పెళ్లినాటి నుంచి చూడని వెలుగొకటి కనబడింది.

"అంత దూరం నుంచి ఎలా కనిపెట్టారండీ?"

సుందరరామయ్య వెంకటకృష్ణ వైపు చూశాడు. అవతల మొహం ఆముదం తాగినట్టుంది. ఆ మొహం చూశాక ఆయనకి నిజం చెప్పాలనిపించలేదు.

"కోణాన్ని బట్టి," అన్నాడు.

తాడిచెట్టు దూరం పిల్లలకి హోంవర్కుగా మిగిలింది. మర్నాడు తెల్లారేసరికి ఆయన గుమ్మంలో మూడు ఫ్యాన్లు, ఒక మిక్సీ బేరింగు చూపించుకోవడానికి వచ్చి కూర్చున్నాయి.