రాజావారి ఫియట్

మండపేట రోడ్డులో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు ముందు, అద్దాల గదిలో, పొన్నలంక రాజావారు స్వయంగా నడిపిన ఫియట్ కారును ప్రజల దర్శనార్థం ఉంచారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. దర్శనం ఉచితం. చెప్పులు బయట విడవాలి. ఈ కారును కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు ఎంత క్షుణ్ణంగా విచారించారో మాత్రం అక్కడ ఎక్కడా రాసి లేదు. ఆ విచారణలో మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉన్న మనిషి శ్రీరామమూర్తి మాస్టారు. ఆయన అడిగితే తప్ప మాట్లాడరు. ఆయన్ను ఎవరూ అడగరు. కాబట్టి మనమే చెప్పుకోవాలి.

మాస్టారు రాజమహేంద్రవరంలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య హైమ పోయి మూడు నెలలైంది. ఈ మూడు నెలలూ ఆయన ఆవిడ పోయిందని రుజువు చేసే పనిలో ఉన్నారు. పెన్షను ఆఫీసువారు ఒక ధ్రువపత్రం అడిగారు, గ్యాసువారు ఇంకొకటి. బ్యాంకులో ఒకాయన ఎంతో మర్యాదగా, "సంతకం తేడాగా ఉందండి, మేడం గారిని ఒకసారి తీసుకురండి" అన్నాడు. మాస్టారు ఇంటికి వచ్చేశారు. అప్పుడే బుల్లబ్బాయి గారు ఫోను చేశారు.

బుల్లబ్బాయి గారికి పొలాలున్నాయి, రొయ్యల చెరువులున్నాయి, ఇప్పుడు ఫంక్షన్ హాలు కూడా ఉంది. పక్క ఊరి హాలు ముందు సిమెంటు ఏనుగులున్నాయి. అవతలి హాలు ముందు రంగునీళ్ల ఫౌంటెన్ ఉంది. తన హాలుకు రాజుల కారు ఉండాలని ఆయన నిశ్చయించారు. "ధవళేశ్వరంలో ఒక ఫియట్ ఉందటండి. రాజావారిదట. మీరు చదువుకున్నవారు కదా మాస్టారూ, పక్కనుంటే బేరం నిండుగా ఉంటుందండి" అన్నారు.

ఫియట్ అన్న మాట వినబట్టి మాస్టారు బయల్దేరారు. హైమ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడకు ఒక ఫియట్ ఉండేది. పాతికేళ్లకు పైగా తనే నడుపుకుంది. పదేళ్ల కిందట మోకాళ్లు సహకరించక కాకినాడ ఆయనెవరికో ఇచ్చేస్తే, ఆయన పేరు మార్పించుకుంటానని చెప్పి తీసుకెళ్లి మళ్లీ కనబడలేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు హైమ అడిగింది ఒక్కటే. "మన కారు ఎక్కడుందో కనుక్కోండి. ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు." మాస్టారు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు. ఏ కబురూ అందలేదు. హైమ వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఫియట్ ఉందన్న చోటికల్లా ఆయన వెళ్తున్నారు.

పాత కారు కొనేటప్పుడు కొందరు అనుమానపు మనుషులు బానెట్ ఎత్తించి చాసిస్ నంబరు చూస్తారు. దాన్ని ఆర్సీ పుస్తకంతో సరిపోల్చుకుంటారు. బండి మీద అప్పులూ కేసులూ ఉన్నాయేమోనని ఆఫీసులో వాకబు చేస్తారు. ఇదంతా సాటి మనిషి మీద నమ్మకం లేనివాళ్ల పద్ధతి. మన వైపు పద్ధతి వేరు. ధవళేశ్వరంలో కారున్న షెడ్డులో కాలు పెట్టగానే బుల్లబ్బాయి గారు వేసిన మొదటి ప్రశ్న, అమ్మే గణేష్‌బాబు ఎవరి తాలూకా అని. గణేష్‌బాబు మేనత్త తోడికోడలిది ద్వారపూడి అని తేలింది. బుల్లబ్బాయి గారి తోడల్లుడిదీ ద్వారపూడే. అంతటితో కారు మీద హక్కు ఎవరిదన్న పరిశీలన ముగిసింది.

తరవాత వెంట తెచ్చిన పురోహితుడు కారు దక్షిణముఖంగా ఉండటం గమనించి అభ్యంతరం చెప్పాడు. ఇంజను స్టార్టు కాకపోవడంతో నలుగురూ కలిసి తోసి తూర్పుకు తిప్పారు. స్టార్టు కాకపోవడాన్ని ఎవరూ లోపంగా ఎంచలేదు. రాజావారు పోయాక మరొకరి కోసం కదలనని అది భీష్మించుకు కూర్చుందని గణేష్‌బాబు చెబితే బుల్లబ్బాయి గారు కళ్లు తుడుచుకున్నారు.

"ఈ కారులోనేనండి, రాజావారు తెల్లదొర గవర్నరు గారికి ఎదురెళ్లింది" అన్నాడు గణేష్‌బాబు.

"తయారైన సంవత్సరం ఎంతండీ?" అని అడిగారు మాస్టారు.

"అరవై ఎనిమిదండి."

"అప్పటికి తెల్లవాళ్లు వెళ్లిపోయి ఇరవై ఏళ్లు దాటిందండి. జమీందారీలు కూడా రద్దయిపోయాయి."

"ఆయ్, రాజావారికి ముందుచూపు ఎక్కువండి" అన్నాడు గణేష్‌బాబు.

"అదీ రాజరికమంటే!" అన్నారు బుల్లబ్బాయి గారు.

ఆర్సీ పుస్తకం కూడా చూపించారు. యజమాని పేరున్న చోట గణేష్‌బాబు బొటనవేలు ఉంది. "పేరు సంగతి పట్టించుకోకండి. భూపరిమితి చట్టం వచ్చినప్పుడు రాజావారు ఆస్తులన్నీ నమ్మినవాళ్ల పేర పెట్టేశారండి. ఈ కారు కోటలో వంటావిడ పేర ఉంది." బుల్లబ్బాయి గారికి ఈ మాట వివరించి చెప్పనవసరం లేకపోయింది. ఆయన పొలంలో సగం పాలేర్ల పేర ఉంది, కొంత ఇంకా పుట్టని మనవల పేర ఉంది.

ఈలోగా బుల్లబ్బాయి గారి భార్య రత్నమాణిక్యం సరదాపడి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆవిడ మనిషి పొట్టి.

"ఏవండీ, నాకు కాళ్లు భలే అందుతున్నాయండి! మన కారులో అయితే సీటు అంచుకు జరగాలి."

అందరూ వంగి చూశారు. క్లచ్చుకీ బ్రేకుకీ కొయ్య దిమ్మలు బిగించి ఉన్నాయి. మాస్టారు కారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. హైమ ఆయన భుజం దాకా వచ్చేది. ఆవిడ కాళ్లకు అందేటట్టు ఇన్నీసుపేటలో సాల్మన్ అనే వడ్రంగి ఇటువంటి దిమ్మలే చేసి బిగించాడు. ఇలాంటివి ఇంకో కారుకు కూడా ఉండవచ్చునని ఆయన తనకు తాను చెప్పుకున్నారు.

"అవేంటండీ?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"రాజావారు పావుకోళ్లు వేసుకుని నడిపేవారండి. కొయ్య మీద కొయ్య అయితే జారదు కదండీ."

గోడకు ఆనించిన నిలువెత్తు పటంలో రాజావారు ఆరడుగుల పైనే ఉన్నారు. అంత పొడుగు మనిషి ఈ దిమ్మలతో కాళ్లు ఎక్కడ పెట్టుకునేవారని మాస్టారు అడిగారు. మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని కూర్చునేవారని, దాన్నే రాజాసనం అంటారని జవాబు వచ్చింది. పురోహితుడు అవునన్నట్టు తలూపాడు.

"చాసిస్ నంబరు ఒకసారి చూపిస్తారా?" అన్నారు మాస్టారు.

షెడ్డులో అందరూ ఆయన వైపు, పెళ్లిపీటల దగ్గర జీతం అడిగినవాణ్ని చూసినట్టు చూశారు. అయినా గణేష్‌బాబు బానెట్ ఎత్తాడు. నంబరు రేకు ఉండవలసిన చోట వేలు మందాన పసుపూ కుంకుమా ఉన్నాయి. "రాజావారి కాలం నుంచి ప్రతి దసరాకీ పెట్టిన బొట్టండి. గోకితే అరిష్టం." అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఇతర దేశాల్లో కార్ల దొంగలు నంబర్లు చెరపడానికి యంత్రాలు వాడతారట. వాళ్లకు భక్తి విలువ తెలియదు.

మాస్టారికి హైమ కారు చాసిస్ నంబరు తెలుసు. హైమ ఏటా ఏడో తరగతి పిల్లలకు దాని చివరి నాలుగంకెలు, 7919, బోర్డు మీద రాసి కారణాంకాలు కనుక్కోమనేది. పిల్లలు పీరియడంతా భాగహారాలు చేసేవారు. దేనితోనూ భాగం పోయేది కాదు. అది ప్రధాన సంఖ్య. "కొన్నిటిని ఎవరూ విడగొట్టలేరర్రా" అని చెప్పి హైమ చాక్‌పీసు కింద పెట్టేది.

బేరం కుదిరింది. శుభమని పురోహితుడు కొబ్బరికాయ తీసుకుని, ఎత్తి ఉన్న బానెట్ ముందు ఇంజను అంచున బలంగా కొట్టాడు. కాయ లేతది. నీళ్లు చిమ్మి రేకు మీద పడ్డాయి. దసరా దసరాకీ పెట్టిన బొట్టు ఒక్క ధారగా కిందికి జారిపోయింది. తడి రేకు మీద అంకెలు బయటపడ్డాయి. చివరి నాలుగూ మాస్టారు పైకే చదివారు.

"ఇది హైమ కారండీ. మా ఆవిడ కారు."

ఆయన చెయ్యి చాచి ఆర్సీ అడిగారు. గణేష్‌బాబు బొటనవేలు తీయక తప్పలేదు. ఆ పేరు అక్కడే ఉంది.

బుల్లబ్బాయి గారు పెద్దగా నవ్వారు. "పంతులమ్మ గారి కారా! కాలేజీ రోజుల్లో దీని టైర్లలో గాలి తీసింది మేమే కదండీ! ఆడమనిషి కారు నడుపుతోందని దేవీచౌక్ అంతా ఈలలేసేవాళ్లం." ఉన్నట్టుండి నవ్వు ఆపేశారు. "ఇది ఆ కారు కాదు. ఆ కారును నా హాలు ముందు నేనెందుకు పెట్టుకుంటానండీ?"

ఈ తర్కానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అయితే పేరు మార్చాలంటే యజమాని సంతకం కావాలి.

"మాస్టారూ, భర్త గారు మీరే కదా. తమరే పెట్టేద్దురూ ఆ సంతకం" అన్నాడు గణేష్‌బాబు. అంతవరకు కోటలో వంటావిడగా ఉన్న హైమ, సంతకం మేరకు మళ్లీ మాస్టారి భార్య అయింది.

"వారసుడిగా ఏ కాగితం మీదైనా పెడతానండి. అద్దాల గది మీద హైమ కారు అని రాయించండి. ఇంకేమీ అడగను."

"ఏంటండీ మాస్టారూ! పంతులమ్మ కారు చూడ్డానికి ఎవడొస్తాడండీ? మీరు బాధలో ఉన్నారు, ఇంటికెళ్లి పడుకోండి" అన్నారు బుల్లబ్బాయి గారు.

మాస్టారు సంతకం పెట్టలేదు. పెట్టనవసరం కూడా లేకపోయింది. వారం తిరక్కుండా బుల్లబ్బాయి గారు పత్రాల ఫొటోలు సంతోషంగా ఫోనుకు పంపారు. అమ్మకందారు గడిలో హైమ గుండ్రని అక్షరాలతో సంతకం చేసి ఉంది. కింద మొన్నటి తేదీ. బ్యాంకువారు ఆవిడ పోయిందో లేదో ఇంకా తేల్చుకోలేకపోతున్నారు. కార్ల వ్యవహారంలో మాత్రం ఆవిడ నిక్షేపంగా ఉంది.

ప్రారంభోత్సవానికి మాస్టారు వెళ్లారు. చెప్పులు విడిచి వరసలో నిలబడ్డారు. ముందున్న మగవాళ్లంతా వంగి కొయ్య దిమ్మలను తాకి కళ్లకద్దుకుంటున్నారు. అందులో కొందరిని ఆయన గుర్తుపట్టారు. దేవీచౌక్ టీ దుకాణం ముందు ఒకప్పుడు ఈలలేసిన నోళ్లే ఇప్పుడు రాజావారికి జై కొడుతున్నాయి. మీరూ వెళ్లే ఉంటారు. ఆ దిమ్మల పక్కన మీరు దిగిన ఫొటో బాగా వచ్చింది.

గది గుమ్మం బయట రత్నమాణిక్యం పూల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు దగ్గరకు రాగానే గొంతు తగ్గించి, "నా కాళ్లకు సరిగ్గా సరిపోయాయండి, ఆ పెడళ్లు" అంది.

"సరిపోతాయమ్మా" అన్నారు మాస్టారు.

ఆవిడ లోపలికి ఎందుకు వెళ్లలేదో ఆయనకు అప్పుడు అర్థమైంది. గుమ్మం మీద కొత్త బోర్డు ఉంది. 'రాజావారి వాహనము పవిత్రమైనది. స్త్రీలు తాకరాదు.' వృత్తి అలవాటు కొద్దీ మాస్టారు దాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివారు. అక్షరదోషం ఒక్కటీ లేదు.