ప్రెసిడెంటు గారి పడవ పందెం

మన జిల్లాకు నూరు మైళ్లకు పైగా సముద్రం ఉండి కూడా ఒక్క సెయిలింగ్ క్లబ్బయినా లేకపోవడం జాతికే తలవంపులని పంచాయతీ సమితి ప్రెసిడెంటు నరసింగరావు గారు అరవై ఎనిమిది జనవరిలో ప్రకటించారు. ఆ ప్రకటనను పత్రికకు పంపే భాగ్యం స్థానిక విలేకరిగా నాకు దక్కింది. నెల తిరక్కుండా శ్రీకూర్మం అవతల నీలయ్యపాలెంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట క్లబ్బు వెలిసింది. నరసింగరావు గారే అధ్యక్షులు. రిటైరైన డిప్టీ తాసిల్దారు గణపతిరావు గారు కార్యదర్శి. సభ్యులు పద్దెనిమిది మంది. అందులో పదిహేడు మందికి ఈత రాదు. పద్దెనిమిదో ఆయన్ని అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆయన అధ్యక్షులు.

క్లబ్బు కార్యక్రమాలు ఓర్వలేనివాళ్లు కూడా మెచ్చుకునేలా ఉండేవి. ఆదివారాలు పేకాట. నెలకొకసారి 'సముద్రము, దాని ఉపయోగములు' అన్న ఉపన్యాసం. మొదటి శనివారం గణపతిరావు గారు నావికులు వేసే ముడి ఎలా వేయాలో నేర్పారు. వరండాలో ఉన్న ఒకే ఒక్క బెంచీని స్తంభానికి కట్టి చూపించారు. విప్పడం రెండో పాఠమన్నారు. రెండో పాఠం దాకా మేమంతా నేల మీదే కూర్చున్నాం.

విశాఖపట్నం నుంచి లారీ మీద తెల్లటి తెరచాప పడవ కూడా వచ్చింది. దానికి 'ప్రగతి' అని పేరు పెట్టారు. ఇక ఒకటే చిక్కు. క్లబ్బు ముందున్న ఇసక మీద ఊళ్లో ఆడవాళ్లు చేపలు ఎండేసుకుంటారు. ఆ వాసన క్లబ్బు ఆశయాలకు విరుద్ధమని కార్యవర్గం తీర్మానించింది. చేపల్ని సరుగుడు తోటలోకి మార్చుకోమంది.

"తోట నీడలో సేపలెండుతాయేటి బాబూ? కుళ్లిపోతాయి. మరి మాం తినేదేటి?" అని కూర్మమ్మ వచ్చి అడిగింది. ఆమె వెనకాల మొగుడు గంగులు నిలబడ్డాడు. ఆ తీరంలో అతన్ని మించి తెప్ప నడిపేవాడు లేడు.

సరిగ్గా అప్పుడే, క్లబ్బు పందేలు చూడడానికి మంత్రి గారు వస్తున్నారని తంతి అందింది. పందెమంటే రెండో పడవ ఉండాలి గదా. నరసింగరావు గారు గంగులు భుజం మీద చెయ్యి వేశారు. అది నేను కళ్లారా చూశాను.

"ఒరే గంగులూ, పందెంలో నా చేతిలో ఓడిపో. ఇసక మీకొదిలేస్తాను."

"ఓడిపోవాలా? అదెలగ సెయ్యాలి బాబూ?"

"ఏముందిరా, నాకంటే నెమ్మదిగా రా."

గంగులు ప్రగతిని ఎగాదిగా చూశాడు. "మీకంటే నెమ్మదిగానా?" అని నిజంగానే దిగులుపడ్డాడు.

పందెం ఏటి మీదే పెట్టారు. నరసింగరావు గారు తెల్లప్యాంటు, తెల్లటోపీతో ప్రగతిలో కూర్చున్నారు. మంత్రి గారు జెండా ఊపారు. ప్రగతి కదలడమైతే కదిలింది గాని, ముందుకి కాదు. ఉన్నచోటే మూడు ప్రదక్షిణాలు చేసింది.

"అదేమిటయ్యా?" అన్నారు మంత్రి గారు.

"ప్రారంభ విన్యాసమండి," అన్నారు గణపతిరావు గారు.

గంగులు తెరచాప దించేశాడు. అయినా తెప్ప ఏటివాలున ముందుకే పోతోంది. తెడ్డు అడ్డం పెట్టాడు. అయినా పోతోంది. ఒడ్డున కూర్మమ్మ గుండె బాదుకుంది.

"మావా! ఇసక పోతాది! ఎనక్కి రా!"

"ఆవిడ ఏమంటోంది?" అన్నారు మంత్రి గారు.

"మొగుణ్ణి ఉత్సాహపరుస్తోందండి."

గంగులు ఏట్లోకి దూకాడు. తెప్ప తాడు నడుముకి కట్టుకుని, ఎదురీది, ప్రగతి వెనక్కి చేరి, రెండు చేతులతో దాన్ని తోయడం మొదలుపెట్టాడు. ముందు తెల్లపడవ, వెనక గంగులు తల, దాని వెనక తెప్ప. నరసింగరావు గారు కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దిగంతాన్ని చూస్తూ గెలుపుగీత దాటారు. చప్పట్లు మారుమోగాయి.

పత్రిక కోసం గంగులు అభిప్రాయం కూడా అడిగాను.

"గెలవడం సులువు బాబూ," అన్నాడు రొప్పుతూ. "ఓడిపోడానికే నడుం పట్టేసింది."

మంత్రి గారు మాత్రం పొంగిపోయారు. ఇంతటి నావికుణ్ణి ఒక జిల్లాకే పరిమితం చేయడం అన్యాయమని, వచ్చే నెల మద్రాసు సముద్రంలో జరిగే పోటీలకు మన రాష్ట్రం తరఫున నరసింగరావు గారే వెళ్తారని మైకులోనే ప్రకటించేశారు. నరసింగరావు గారికి ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది.

మర్నాడు కూర్మమ్మ ఇసక సంగతి అడగడానికి వచ్చింది. విషయం పరిశీలనలో ఉందని గణపతిరావు గారు సెలవిచ్చారు.

పది రోజులైనా జ్వరం దిగలేదు. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. ప్రెసిడెంటు గారి బదులు, ప్రెసిడెంటు గారి పేరుతో, ప్రెసిడెంటు గారి ప్యాంటులో గంగుల్ని మద్రాసు పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం, ప్యాంటు పట్టుకుని గణపతిరావు గారు గంగులు ఇంటికి నడిచి వెళ్లారు. తోడు నేనూ వెళ్లాను.

కూర్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ముందు ఇసక మాదని కాయితమ్మీద రాసియ్యండి. సంతకం, స్టాంపు పడాల. అప్పుడే మా మావ కాలు ఆ పేంట్లో పడతాది."

"మాట ఇచ్చాం కదమ్మా!"

"ఆ మాట సూసేసినాం బాబూ."

కాగితం వచ్చింది. కూర్మమ్మ దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుని, మడిచి రొంటిన దోపుకుంది.

ఆమదాలవలసలో గంగుల్ని రైలెక్కించింది నేనే. ప్యాంటు రెండు చేతులతో పైకి పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. రైలు కదలబోతుండగా నెమ్మదిగా అడిగాడు.

"బాబూ, ఈపాలి గెలవొచ్చా? కూడదా?"

"గెలవొచ్చు గంగులూ."

అన్ని రోజుల్లో అతను నవ్వడం అప్పుడే చూశాను.

వారం తరవాత పత్రికలు వచ్చేసరికి నరసింగరావు గారి జ్వరం పూర్తిగా నయమైంది. క్లబ్బు వరండాలో అందరికీ కాఫీలు ఇప్పించారు. ఎదురుగా ఇసక మీద కూర్మమ్మ చేపలు తిరగేస్తోంది. గంగులు వేటకి పోయాడు. పత్రికలో మొదటి పేజీలోనే ఫొటో పడింది. చేతుల్లో వెండికప్పు, వదులు ప్యాంటు, చెవులదాకా నవ్వు. కింద పెద్ద అక్షరాలతో 'విజేత శ్రీ నరసింగరావు' అని ఉంది.

ప్రెసిడెంటు గారు కళ్లజోడు సవరించుకుని ఆ ఫొటోని చాలాసేపు పరీక్షగా చూశారు.

"కాస్త చిక్కినట్టున్నాను గదండీ?" అన్నారు.

"సముద్రపు గాలండి," అన్నారు గణపతిరావు గారు.